వరద డబ్బు కలెక్టరేట్ నుంచి కార్పొరేషన్‌కి ఎలా వస్తుంది, ఎక్కడ ఆగుతుంది

వీధుల్లో నీళ్లు ఇంకా తీయకముందే కార్పొరేషన్ అకౌంట్స్ సెక్షన్‌లో ఒక మాట వినపడుతుంది: "కలెక్టర్ గారు ఇస్తామన్నారు, ముందు మనం పెట్టేద్దాం." పెట్టేస్తారు. ట్రాక్టర్లు తిరుగుతాయి, మోటార్లు రాత్రీపగలూ నడుస్తాయి, పులిహోర ప్యాకెట్లు పడవలెక్కుతాయి. ఆర్నెల్లు గడిచాక చూస్తే ట్రాక్టర్ల వాళ్లు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంటారు, ఫైలేమో కలెక్టరేట్‌లో ఒక కొర్రీ దగ్గర ఆగి ఉంటుంది.

నేను మున్సిపల్ అకౌంట్స్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు సింగ్‌నగర్ మీద పడ్డాక అకౌంట్స్‌లో పనిచేసే తెలిసిన కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి ఇవే సందేహాలు అడిగారు. ప్రతివాళ్లకీ విడిగా చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే సరిపోతుందని రాస్తున్నాను. గుంటూరు వాళ్లకైనా ఇదే దారి, అక్కడా కలెక్టరేట్, కార్పొరేషన్ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఒకే ఊళ్లో ఉండటం వల్ల పని త్వరగా అవుతుందని మాత్రం అనుకోకండి. ఊరొకటే కాబట్టి అంతా నోటిమాటగా నడిచిపోతుంది, కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందు అది ఏ డబ్బో తెలుసుకోండి

అందరూ "కలెక్టర్ ఫండ్" అంటారు గానీ, కలెక్టర్ గారి దగ్గర విడిగా మూట ఏమీ ఉండదు. వరద వచ్చినప్పుడు మనకు చేరేది చాలావరకు రాష్ట్ర విపత్తు స్పందన నిధి, అంటే ఎస్‌డీఆర్‌ఎఫ్. 2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 48వ సెక్షన్ కింద ఏర్పాటైంది. మన రాష్ట్రానికైతే ఇందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి, కేంద్రం వాటా ఏడాదికి రెండు విడతలుగా వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మొత్తం విపత్తు నిధిని విడగొట్టింది: 80 శాతం స్పందనకి, 20 శాతం ముప్పు రాకుండా ముందే చేసే పనులకి. ఆ 80లో మళ్లీ 40 సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, 10 సన్నద్ధతకి.

ఈ అంకెలు మీకెందుకంటే, మీ ఇంజినీర్ "ఎలాగూ వరద డబ్బొస్తోంది కదా, ఆ పాత డ్రెయిన్‌కి గోడ కూడా కట్టేద్దాం" అని ఎస్టిమేట్ తెచ్చినప్పుడు ఆపాల్సింది మీరే. కృష్ణలంక దగ్గర రిటైనింగ్ వాల్ ఉంది చూడండి, 2024లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వెళ్లినా కరకట్ట లోపలి ఇళ్లను చాలావరకు కాపాడింది. అలాంటిది శాశ్వత పని. ఆ తరహా పనికి దారి వేరు, ఫైలు వేరు. తక్షణ సహాయం కింద వచ్చిన డబ్బులో దాన్ని కలిపితే మొత్తం ప్రతిపాదనకే మచ్చ పడుతుంది, న్యాయంగా రావాల్సిన ట్రాక్టర్ల డబ్బు కూడా దాంతోపాటే ఆగుతుంది.

డబ్బు వచ్చే దారులు కూడా ఒకటి కాదు. కలెక్టర్ ప్రొసీడింగ్స్, అంటే విడుదల ఉత్తర్వు, ఇచ్చి కమిషనర్‌కి విడుదల చేయడం ఒకటి. మీరు సర్టిఫై చేసి పంపితే కలెక్టరేట్ నుంచే సప్లయర్‌కి నేరుగా చెల్లించడం ఇంకొకటి. రోడ్లు, పైప్‌లైన్ల మరమ్మతులకు మున్సిపల్ శాఖ ద్వారా బడ్జెట్ రావచ్చు. బాధితుల పరిహారం ఉందే, అది మీ అకౌంట్ గడప తొక్కదు. 2024లో మన దగ్గర ఇళ్లు మునిగిన కుటుంబాలకి డబ్బు నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాల్లోనే పడింది, వార్డు సచివాలయాల వాళ్లు చేసింది నష్టం లెక్క రాసుకోవడం (ఎన్యూమరేషన్) మాత్రమే. కాబట్టి ఫైల్ మొదటి పేజీలోనే ఏ దారిన ఏది అడుగుతున్నారో తేల్చేయండి. ఒకే ఖర్చు కలెక్టర్‌నీ అడిగి, అదే ఖర్చు శాఖనీ అడిగితే, రెండు చోట్లా ఇచ్చేస్తే, తర్వాత తిరిగి కట్టాల్సింది మీరే. సంతకం మీది కదా.

వరద పద్దులో ఏది పడుతుంది, ఏది పట్టదు

ఎస్‌డీఆర్‌ఎఫ్‌కి కేంద్ర హోంశాఖ ఇచ్చిన నార్మ్స్, అంటే దేనికి ఎంత ఇవ్వొచ్చో చెప్పే పట్టిక, ఉంటాయి. ఆ పట్టిక ప్రింట్ తీసి టేబుల్ అద్దం కింద పెట్టుకోండి. 2022-26 కాలానికి ఇచ్చిన దాంట్లో కొన్ని చెప్తాను: ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షలు. మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా పోతే 1,20,000. గుడిసె పోతే 8,000. పాడి గేదెకి 37,500. ఇల్లు కొట్టుకుపోయినా, రెండ్రోజులకు మించి బాగా మునిగినా కుటుంబానికి బట్టలకు 2,500, సామాన్లకు 2,500. విపత్తు ఏ తేదీన వచ్చిందో ఆ తేదీకి అమల్లో ఉన్న పట్టిక చూడాలి, పాత జిరాక్స్ పట్టుకుని లెక్క వేస్తే మొదటి చూపులోనే తిప్పి పంపుతారు.

ఇప్పుడు ఒక తేడా గమనించండి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం విజయవాడలో నీళ్లలో ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ కుటుంబానికి 25,000, పై అంతస్తు వాళ్లకి 10,000 ప్రకటించింది. నార్మ్స్‌లో ఉన్నదానికంటే ఇది బాగా ఎక్కువ. నార్మ్‌కి మించి ఎంత ఇచ్చినా ఆ పై మొత్తం రాష్ట్రం తన సొంత బడ్జెట్‌లోంచి పెట్టుకోవాల్సిందే. అందుకే ఏ స్టేట్‌మెంట్ తయారుచేసినా నార్మ్ మేరకు ఎంత, దానిపైన ఎంత అని రెండు కాలమ్స్ పెట్టండి. ఎవరూ అడక్కపోయినా పెట్టండి, తర్వాత అడుగుతారు.

కార్పొరేషన్ ఖర్చుల్లో బాగా చెల్లేవి ఏమిటంటే, మునిగిన చోట నీళ్లు తోడించడం, చెత్త, బురద, శిథిలాలు ఎత్తించడం, చచ్చిన పశువుల్ని పూడ్చడం, తాగునీటి ట్యాంకర్లు, పునరావాస శిబిరాల్లో భోజనం, మందులు, పడవల అద్దె, తెగిన రోడ్లకీ నీటి పైపులకీ తక్షణ మరమ్మతులు. వీటికి చాలావాటికి రోజుల పరిమితి ఉంటుంది, శిబిరాలు, తాగునీరు లాంటివాటికి మామూలుగా 30 రోజుల లోపల చూస్తారు. నలభయ్యో రోజు ట్యాంకర్ బిల్లు పెట్టి "జనం ఇబ్బంది పడుతున్నారండీ" అంటే నిజమే కావచ్చు, కానీ ఆ డబ్బు కార్పొరేషన్ సొంత జనరల్ ఫండ్‌లోంచే పోతుంది.

పట్టనివి: రెగ్యులర్ ఉద్యోగుల జీతాలు, ఎప్పుడూ చేసే డ్రెయిన్ల పూడికతీత, కొత్త వాహనాలు కొనేసి వరద పద్దులో రాయడం. ఇందులో పూడికతీత దగ్గర అందరూ జారతారు. వాన పడి డ్రెయిన్ పొంగితే అది వరద అని మీరంటారు, ఏటా వేసవిలో తీయాల్సిన పూడిక తీయలేదు కాబట్టే పొంగిందని ఆడిట్ వాళ్లంటారు. ఎవరిది నిజమో తేల్చేది కాగితం. ఆ రోజు వర్షపాతం ఎన్ని మిల్లీమీటర్లో వాతావరణ శాఖ రిపోర్టు, జలవనరుల శాఖ నుంచి బుడమేరు, కృష్ణ ప్రవాహాల రిపోర్టు, మునిగిన డివిజన్ల జాబితా, ఈ మూడూ ఫైలుకి అడుగున కాకుండా పైన పెట్టండి.

బయటి ఊళ్ల నుంచి పారిశుధ్య కార్మికులు వస్తారు, 2024లో రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చారు. పాపం వాళ్లు లేకపోతే ఆ బురద దసరాకి కూడా పోయేది కాదు. వాళ్ల జీతం సొంత మున్సిపాలిటీదే, ఇక్కడి భోజనం, బస, గ్లౌజులు, బూట్లు మనవి. ఎవరిది ఎవరు కట్టారో ఆ మున్సిపాలిటీకి ఒక ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోండి. లేకపోతే ఆ ఊరి వాళ్లూ మీరూ ఒకే భోజనానికి బిల్లు పెడతారు.

హద్దులు కూడా చూసుకోవాలి. సింగ్‌నగర్, పాయకాపురం దాటి నున్న వైపు వెళ్తుంటే కార్పొరేషన్ ఎక్కడ అయిపోయిందో, పంచాయతీ ఎక్కడ మొదలైందో నీళ్లకి తెలియదు, ట్రాక్టర్ డ్రైవర్‌కీ తెలియదు. పంపితే పంపారు, తప్పులేదు. కానీ పంచాయతీలో చేసిన పనికి "కలెక్టర్ ఆదేశం మేరకు" అని ఒక లైను, ఆ ఆదేశం కాపీ ఉండాలి. లేకపోతే ఆ ట్రిప్పులన్నీ కొట్టేస్తారు.

మొదటి వారమే అసలు పని

ఫైలు భవిష్యత్తు కలెక్టరేట్‌లో తేలుతుందనుకుంటారు. నా అనుభవంలో అది మొదటి వారంలో, మోకాలి లోతు నీళ్లలో తేలిపోతుంది. ఆ వారంలో రాసిన కాగితం ఎంత వంకరగా ఉన్నా చెల్లుతుంది, మూడు నెలల తర్వాత కంప్యూటర్‌లో నీట్‌గా కొట్టిన కాగితం చెల్లదు.

టెండర్ లేకుండా ఎలా కొనాలి అని మొదట టెన్షన్ పడతారు. విపత్తు చట్టం 50వ సెక్షన్ చదవండి. రక్షణకో సహాయానికో వెంటనే సరుకు కావాలని జాతీయ, రాష్ట్ర, లేదా జిల్లా విపత్తు సంస్థ భావిస్తే, ఫలానా శాఖ అత్యవసరంగా కొనుక్కోవచ్చని అధికారం ఇవ్వొచ్చు, అప్పుడు టెండర్ల పద్ధతి మినహాయించినట్టే లెక్క. ఆ సంస్థ అధికారమిచ్చిన అధికారి సరుకు వాడినట్టు ఇచ్చే సర్టిఫికెట్ కూడా లెక్కలకి ఓచర్‌గా చెల్లుతుంది. చాలా పెద్ద వెసులుబాటు ఇది. అయితే ఆ అధికారం ఇవ్వాల్సింది జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ, దాని ఛైర్మన్ కలెక్టర్. కమిషనర్ తనంతట తాను "50వ సెక్షన్ కింద కొన్నాను" అని రాసుకుంటే చెల్లదు. మొదటి రోజో రెండో రోజో ఒక పేజీ ఉత్తరం రాసి, మోటార్లు, ట్రాక్టర్లు, జేసీబీలు, భోజనం, బ్లీచింగ్, ట్యాంకర్లు అని ఐటమ్స్ పేర్లతో సహా అనుమతి తెచ్చుకోండి. అద్దె రేట్లు కూడా అందులోనే జిల్లా స్థాయిలో ఫిక్స్ చేయించుకుంటే సగం తలనొప్పి పోతుంది, లేకపోతే ఒక డివిజన్‌లో ట్రాక్టర్‌కి ఒక రేటు, పక్క డివిజన్‌లో ఇంకో రేటు అయి కూర్చుంటుంది.

2025లో చట్టానికి సవరణ వచ్చింది, మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకి పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టుకోవచ్చన్నారు, దానికి కమిషనర్ ఛైర్మన్, కలెక్టర్ వైస్ ఛైర్మన్. ఇక కమిషనరే అనుమతి ఇచ్చేయొచ్చని సంబరపడకండి. 50వ సెక్షన్‌లో ఉన్న పేర్లు నేను పైన చెప్పిన మూడే.

ఇంకొకటి, టెలికాన్ఫరెన్స్. వరద రోజుల్లో పొద్దున ఏడింటికి ఒకటి, రాత్రి పదింటికి ఒకటి ఉంటుంది. "ఇంకో యాభై ట్యాంకర్లు పెట్టండి" అంటారు, పెట్టేస్తాం. ఆర్నెల్ల తర్వాత ఆ మాట అన్న ఆఫీసర్ బదిలీ అయి వెళ్లిపోయి ఉంటారు. ఏం చేయాలంటే, కాన్ఫరెన్స్ అయిన గంటలోపు కలెక్టరేట్‌కి ఒక మెయిల్ కొట్టండి: "ఈరోజు ఉదయం టెలికాన్ఫరెన్స్‌లో ఇచ్చిన ఆదేశాల మేరకు ఫలానా డివిజన్లలో 50 ట్యాంకర్లు అదనంగా ఏర్పాటు చేస్తున్నాము, దయచేసి ర్యాటిఫై చేయగలరు." రెండు వాక్యాలు చాలు. జవాబు రాకపోయినా పర్లేదు, ఆ తేదీ, ఆ టైమ్ మీ దగ్గర ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఆదేశాలకి స్క్రీన్‌షాట్ తీసి ఈ-ఆఫీస్ ఫైలుకి ఆ రోజే ఎక్కించేయండి, ఫోన్ మారితే పోతాయి.

లాగ్‌బుక్కుల గురించి ఒక కథ చెప్పాలి. చాలా ఏళ్ల కింద, నేను అప్పుడు పనిచేస్తున్న మున్సిపాలిటీ పేరు అనవసరం, తుపాను తర్వాత పదకొండు ట్రాక్టర్లకి అద్దె బిల్లు పెట్టాం. ట్రాక్టర్లు నిజంగానే తిరిగాయి, నా కళ్లతో చూశాను. కానీ లాగ్‌బుక్కులు రాసే తీరిక ఎవరికీ లేక, బిల్లు పెట్టాల్సినప్పుడు ఒకాయన ఆదివారం సాయంత్రం కూర్చుని పదకొండూ ఒకేసారి రాసిపడేశాడు. ఆడిటర్ వచ్చాడు. మంచినీళ్లు కూడా తాగకుండా పదకొండు పుస్తకాలూ టేబుల్ మీద పక్కపక్కన పరిచాడు. అన్నిట్లో ఒకే నీలం ఇంకు, ఒకే చేతిరాత, సున్నాకి ఒకే రకం తోక. అక్కడితో ఆగినా బతికిపోయేవాళ్లం. ఏడో పుస్తకం తిప్పి ఒక లైన్ మీద వేలు పెట్టి నా వైపు చూశాడు. సెప్టెంబర్ 31, ట్రిప్పులు తొమ్మిది అని ఉంది. ఆ ట్రాక్టర్ యజమానికి డబ్బు రావడానికి మూడేళ్లు పట్టింది. మా ముగ్గురి జీతాల్లోంచి కొంత రికవరీ కూడా అయింది, ఆ మొత్తం ఎంతో ఇప్పటికీ మా ఆవిడకి చెప్పలేదు.

కాబట్టి ట్రాక్టర్ ఎక్కిన రోజునే డ్రైవర్ చేతికి పుస్తకం ఇవ్వండి. బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ట్రిప్పులు, డ్రైవర్ సంతకం, అక్కడున్న శానిటేషన్ సెక్రటరీ సంతకం, సాయంత్రం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సంతకం. తడిసినా, మరకలు పడ్డా మంచిదే.

మోటార్లకి డీజిల్ లెక్క కూడా ఇలాగే పట్టుకుంటారు. ఊరికే ఉదాహరణ చెప్తున్నా: పన్నెండు మోటార్లు, రోజుకి ఇరవై గంటలు, ఆరు రోజులు అంటే 1,440 గంటలు. గంటకి రెండు లీటర్లు తాగే మోటార్ అయితే 2,880 లీటర్లు కావాలి. మీ బంకు బిల్లులు 4,100 లీటర్లకి ఉన్నాయనుకోండి, ఆ 1,220 లీటర్లు ఎవరు తాగారో చెప్పాల్సింది మీరే. ఏదో జనరేటర్‌కి పోసి ఉంటారు, పడవకి పోసి ఉంటారు, దొంగతనం కాకపోవచ్చు. కానీ అది ఆ రోజు ఇండెంట్‌లో రాసి ఉండాలి. ఈ గుణకారం ఆడిటర్ చేసేలోపు మీరే ఒకసారి చేసుకోండి.

భోజనం ప్యాకెట్లకి పడవలో సంతకాలు తీసుకోలేం, ఎవరూ తీసుకోమని చెప్పరు కూడా. వంటశాల నుంచి ఎన్ని బయల్దేరాయి, ఏ పడవలో ఎన్ని ఎక్కాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఏ వీధికి వెళ్లాయి, పంచిన సెక్రటరీ ఎవరు, అంతవరకు ఒక నోట్‌బుక్‌లో రాయిస్తే చాలు. లొకేషన్, టైమ్ పడే యాప్‌తో రోజుకి నాలుగైదు ఫొటోలు. తిరిగొచ్చినవి సున్నా అని ప్రతిరోజూ రాయొద్దు, ఎవరూ నమ్మరు. ఆ 2024 వరద తర్వాత ఖర్చుల లెక్కల మీద రాజకీయంగా ఎంత గోల జరిగిందో చూశాం కదా, ఆ గోలలో చిన్న గుమాస్తాని నిలబెట్టేది ఈ నోట్‌బుక్కే.

ప్రతిపాదన రాయడం

కలెక్టరేట్‌లో మీ ఫైలు చూసేది విపత్తుల సెక్షన్ సూపరింటెండెంట్, ఆపైన డీఆర్‌వో (జిల్లా రెవెన్యూ అధికారి) గారు. వాళ్లకి రోజుకి ఇలాంటివి పది వస్తాయి. నీటిపారుదల, విద్యుత్, పంచాయతీరాజ్, వైద్యం, అందరూ అడుగుతారు. మీది ముందుగా కదలాలంటే వాళ్లు మళ్లీ టైప్ చేయాల్సిన అవసరం లేకుండా ఇవ్వండి. నార్మ్స్ పట్టికలో ఐటమ్స్ ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో, పక్కన ఎన్ని యూనిట్లు, రేటు, నార్మ్ ప్రకారం ఎంత, అసలు ఖర్చు ఎంత, ఇప్పటికి చెల్లించింది ఎంత, బాకీ ఎంత. మొత్తం రెండు పేజీలు దాటొద్దు. కింద డివిజన్లవారీ వివరాలు ఎన్ని పేజీలైనా ఉండనీయండి.

ఇంజినీరింగ్ పనులైతే ప్రతిదానికీ దెబ్బతిన్న ఫొటో, ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లతో ఎస్టిమేట్, టెక్నికల్ శాంక్షన్. పాత స్థితికి తేవడం వరకే రాయండి. నాలుగంగుళాల పైపు కొట్టుకుపోతే నాలుగంగుళాల పైపే అడగండి, ఆరంగుళాలది వేయాలని ఉంటే ఆ తేడా మీ నిధుల్లోంచి పెట్టుకుంటామని అక్కడే రాసేయండి. అలా రాసిన ఫైలు వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు.

రౌండ్ ఫిగర్లు వద్దు. రెండు కోట్లు అని అడిగితే ఊహించి రాశారనుకుంటారు, 1,87,43,610 అని ఉంటే లెక్కపెట్టారనుకుంటారు. నిజంగా లెక్కపెట్టి రాయండి మరి, చివర్లో ఊరికే పది రూపాయలు కలపడం కాదు!

ప్రొసీడింగ్స్ వచ్చాక

మా మేనకోడలు అమెరికాలో ఒక కౌంటీ ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడ ఫెడరల్ ప్రభుత్వం అత్యవసర సన్నద్ధతకి ఇచ్చే గ్రాంట్ ఒకటి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి కౌంటీకి, కౌంటీ నుంచి సిటీకి దిగుతుందట. దిగేముందు కౌంటీ, సిటీ ఒక ఒప్పందం రాసుకుంటాయి, దేనికి వాడాలి, ఎప్పటిలోగా, లెక్కలు ఎలా చూపాలి అన్నీ అందులో ఉంటాయి. ఆ గ్రాంట్‌కి సగం వాటా సొంతంగా చూపాలి కూడా. మన దగ్గర అలా ఒప్పందాలు రాసుకోరు, కలెక్టర్ ప్రొసీడింగ్సే ఒప్పందం. మనవాళ్లు అందులో మొత్తం ఎంతో చూసి మడతపెట్టేస్తారు. కింద షరతులు ఒకటి నుంచి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి, అసలు విషయం వాటిలోనే ఉంటుంది.

ముఖ్యంగా "ఈ మొత్తాన్ని ఫలానా అవసరానికి" అనే లైను. తాగునీరు, పారిశుధ్యం అని రాసి ఉంటే, ఆ డబ్బుతో పడవల అద్దె ఇవ్వకూడదు, పడవల వాడు ఎంత ఏడ్చినా సరే. ముందు సవరణ ప్రొసీడింగ్స్ అడిగి తెచ్చుకోండి, ఇస్తారు. చెల్లించేశాక అడిగితే ఇచ్చేవాళ్లకీ భయమే. తర్వాత హెడ్ ఆఫ్ అకౌంట్ చూడండి, ప్రకృతి వైపరీత్యాల సహాయం పద్దు 2245తో మొదలవుతుంది, దాని కింద సబ్‌హెడ్ ఒక్క అంకె తప్పుపడ్డా సీఎఫ్‌ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వ బిల్లులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థలో, బిల్లు ముందుకు పోదు. డీడీవో (డబ్బు డ్రా చేసే అధికారి) కోడ్ ఎవరిది వేశారో చూడండి. ఈ రెండూ ప్రొసీడింగ్స్ చేతికొచ్చిన రోజే చూసి తప్పుంటే ఆ సాయంత్రమే పట్టుకెళ్లి దిద్దించుకోవాలి.

కొన్నిసార్లు బడ్జెట్ రాకముందే టీఆర్-27 కింద డబ్బు ఇస్తారు. అంటే ట్రెజరీ రూల్ 27, అత్యవసరమైతే మామూలు నిబంధనలు పక్కనపెట్టి చెల్లించమని కలెక్టర్ రాతపూర్వకంగా ట్రెజరీని ఆదేశించవచ్చు. త్వరగా వస్తుంది, నిజమే. కానీ ఆ ఆదేశం కాపీ, ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో వివరణతో సహా వెంటనే అకౌంటెంట్ జనరల్‌కి వెళ్తుంది. అంటే మొదటి రోజు నుంచే ఏజీ ఆఫీసుకి మీ పేరు తెలుసు. దీనికి తర్వాత బడ్జెట్ తెచ్చి రెగ్యులరైజ్ చేసుకోవాలి, వివరాలు తర్వాత ఇస్తామని ఏసీ బిల్లు మీద అడ్వాన్స్ తీసుకుని ఉంటే ఓచర్లతో డీసీ బిల్లు, అంటే పూర్తి వివరాల బిల్లు, పెట్టి సర్దాలి. డబ్బు తీసుకునేటప్పుడు పదిమంది ఉంటారు, డీసీ బిల్లు పెట్టేటప్పుడు ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడు ఎవరో ఆఫీస్ ఆర్డర్‌లో పేరుతో రాయించండి.

వచ్చిన డబ్బుని జనరల్ ఫండ్‌లో కలపొద్దు, ఒక్కరోజుకి కూడా. విడిగా అకౌంట్, విడిగా క్యాష్‌బుక్. నెలాఖరు జీతాలకి తక్కువైతే "నాలుగు రోజుల్లో పెట్టేద్దాం" అని చూస్తారు, ఒప్పుకోకండి. 2005 చట్టం 53వ సెక్షన్‌లో విపత్తు డబ్బుని, సామగ్రిని స్వాహా చేస్తే రెండేళ్ల వరకు జైలు ఉంది. జీతాలకి సర్దడం స్వాహా కాదని మీరు వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన కోర్టు వరకు పోయే పరిస్థితి ఎందుకు? వడ్డీ పడితే అది కూడా ఆ నిధిదే, విడిగా చూపించండి.

మార్చి 31 సంగతి తెలిసిందే. పైన ఎస్‌డీఆర్‌ఎఫ్‌లో డబ్బు ఎక్కడికీ పోదు గానీ, మీ పేరు మీద ఇచ్చిన బడ్జెట్ విడుదల ఆ రాత్రి దాటితే పోతుంది. అందుకని జనవరికల్లా మిగిలినదెంతో తేల్చి, ఖర్చుకాదని తెలిస్తే ఫిబ్రవరిలోనే సరెండర్ చేయండి. డ్రా చేసి పక్కన పెట్టుకోవడం కంటే వదిలేయడం నయం.

యూసీ, ఆడిట్

యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ), అంటే డబ్బు ఖర్చయిందని ఇచ్చే ధ్రువపత్రం దగ్గర అందరూ చేసే తప్పు ఒకటే. కలెక్టరేట్ నుంచి ఫోన్ వస్తుంది, "రాష్ట్రం అడుగుతోంది, సాయంత్రానికి యూసీ పంపండి" అని. డబ్బు ఇంజినీరింగ్ సెక్షన్‌కి ఇచ్చేశాం కాబట్టి ఖర్చయినట్టే అని మొత్తానికి యూసీ ఇచ్చేస్తారు. సెక్షన్‌కి ఇవ్వడం ఖర్చు కాదు. పని జరిగి, ఎంబుక్ (కొలతల పుస్తకం) రాసి, పై అధికారి కొలతలు సరిచూసి (చెక్ మెజర్‌మెంట్), అవతలివాడి ఖాతాలో డబ్బు పడితే ఖర్చు. అంతవరకు ఎంతైందో అంతకే యూసీ ఇవ్వండి, మిగతాది "చెల్లింపు ప్రక్రియలో ఉంది" అని విడిగా రాయండి. ఫోన్లో నాలుగు మాటలు పడాలి, పడండి.

ఆడిట్ మీ ముందుకి రెండు మూడేళ్ల తర్వాత వస్తుంది. అప్పటికి సెక్షన్‌లో సగం మంది మారిపోతారు, బీరువా ఇంకో గదికి మారి ఉంటుంది. నేను ఒక వరదకి ఒక బాక్స్ ఫైల్ పద్ధతి పెట్టాను. అన్నిటికంటే పైన జిల్లా సంస్థ ఇచ్చిన అనుమతి, కింద ప్రొసీడింగ్స్, ఆ కింద తేదీలవారీ మెయిల్స్, వాటి కింద ఐటమ్ వారీ కవర్లు, ఒక్కో కవర్లో ఒక్కో ఐటమ్ లాగ్‌బుక్కులు, బిల్లులు, ఫొటోలు, చెల్లింపు వివరాలు. అన్నిటినీ స్కాన్ చేసి ఈ-ఆఫీస్‌లో పెట్టినా, తడిసిన అసలు లాగ్‌బుక్కులు పారేయొద్దు. బదిలీ మీద వెళ్తుంటే ఛార్జ్ లిస్ట్‌లో ఈ బాక్స్‌ని విడిగా ఒక లైన్‌గా రాసి, తీసుకునే ఆయనతో లోపల ఎన్ని లాగ్‌బుక్కులున్నాయో లెక్కపెట్టించి సంతకం చేయించుకోండి, కాపీ ఒకటి ఇంటికి తెచ్చుకోండి. నావి ఇంకా మా అటక మీద ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి, ఎలకలు కొట్టకుండా నాఫ్తలీన్ ఉండలు వేసి.